లిటిల్ పెంగ్విన్ మోడల్: కొలతలు, రంగులు, నిలబెట్టే తీరు?

టెక్కలి_సైన్సు (ప్రశ్న)
సైన్స్ ఫెయిర్‌కి తొమ్మిదో తరగతి పిల్లలు లిటిల్ పెంగ్విన్‌నీ, గాలపాగోస్ పెంగ్విన్‌నీ అసలు సైజులో చేస్తున్నారు. లోపల వాటర్ బాటిల్, పైన కాగితం గుజ్జు, మైదా జిగురు. వీపు నలుపు, కాళ్లు నారింజ, కింద థర్మోకోల్ మంచు వేద్దామనుకున్నారు. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి, రంగులింకా వెయ్యలేదు.

నాగావళి_గట్టు
ముందు ఆ థర్మోకోల్ తీసేయండి మాస్టారూ. ఈ రెంటికీ మంచుతో పనే లేదు. లిటిల్ పెంగ్విన్‌ది దక్షిణ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరం. ఇసుక పోసి, గడ్డి దుబ్బు పెట్టి, దాని మొదట్లో ఒక బొరియ చెయ్యండి. గాలపాగోస్‌ది భూమధ్యరేఖ దగ్గర, నల్లటి లావా రాళ్ల మీద. అంత ఎండలో పెంగ్విన్ బతుకుతోందంటే హంబోల్ట్, క్రామ్‌వెల్ అనే సముద్ర ప్రవాహాలు తెచ్చే చల్లటి నీళ్ల వల్లే. 1982–83లో ఎల్‌నినో అనే వాతావరణ మార్పుకి ఆ నీళ్లు వేడెక్కి చేపలు తగ్గిపోతే, నాలుగింట మూడొంతుల పక్షులు పోయాయి.

కొలతలంటారా, పిల్లల స్కేలు 30 సెం.మీ. కదా, లిటిల్ పెంగ్విన్ దానికన్నా రెండు మూడు సెం.మీ. ఎత్తు, అంతే. బరువు కిలో, కిలోంబావు. లీటరు బాటిల్ నిండా నీళ్లు పోసి మూత బిగిస్తే బరువూ కుదురుతుంది, ఫ్యాను గాలికి పడిపోదు. రెక్క 12 సెం.మీ. దాటనివ్వకండి. గాలపాగోస్‌కి 50 సెం.మీ., రెండు లీటర్ల బాటిల్. గుజ్జు ఒకేసారి మందంగా పెడితే పైన ఆరి లోపల చెమ్మగా ఉండిపోతుంది, మన సముద్రపు గాలికి బూజు ఖాయం. పల్చగా ఒక పొర, బాగా ఎండాక ఇంకోటి.

ఈక_పరిశీలన
లిటిల్ పెంగ్విన్ వీపు నలుపు కాదు, పలక మీద నీలం చల్లినట్టుంటుంది. ఈకలో నీలం రంగు పదార్థమంటూ ఏదీ లేదు. సన్నటి కెరటిన్ (మన గోళ్లలో ఉండే పదార్థమే) పోగులు వరసగా పేర్చి ఉండి, వెలుతుర్లోంచి నీలాన్ని వెనక్కి కొడతాయి. అందుకే ఈకలు పాతబడితే గోధుమ రంగుకి దిగుతాయి. మీరు ముందు ముదురు బూడిద రంగు వేసి, ఆరాక దాదాపు పొడి కుంచెతో నీలం రుద్దండి. తడిగా వేస్తే బొమ్మ ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. పొట్ట తెలుపు, రెక్క వెనక అంచున సన్నటి తెల్ల గీత. కన్ను వెండి బూడిద. పాదం పైన లేత గులాబీ తెలుపు, అరికాలు నలుపు. నారింజ ఎక్కడా వద్దు.

గాలపాగోస్‌కి కంటి వెనక నుంచి గడ్డం కిందికి తిరిగే తెల్ల గీత, రొమ్ము మీద నల్ల పట్టీలు తప్పనిసరి. అవి లేకపోతే అది ఏ పెంగ్విన్ అయినా కావచ్చు.

టెక్కలి_సైన్సు
నిటారుగా నిలబెట్టేశారండీ రెండిటినీ. పర్లేదా? ఇంకోటి, మన తేలినీలాపురం గూడబాతులతో పోల్చి ఒక చార్టు పెట్టొచ్చా?

నాగావళి_గట్టు
లిటిల్‌ని ముందుకు వంచండి, బరువు మోసే మనిషిలా వంగి నడుస్తుంది. పగలంతా సముద్రంలో వేటాడి, చీకటి పడ్డాకే గుంపుగా ఒడ్డెక్కుతుంది. అలల అంచున ఆగి చూసి, ఏ అలికిడైనా వెనక్కి పరుగు. ఒడ్డున ఇసుకని పరిగెత్తి దాటాలి, నక్కలూ కుక్కలూ పొంచి ఉంటాయి మరి. గాలపాగోస్‌ని కూడా కొంచెం వంచి, రెక్కలు పక్కలకి చాపి పాదాల మీద నీడ పడేలా పెట్టండి. ఎండకి పాదాలు కాలకుండా అది అలాగే నిలబడుతుంది.

చార్టు బావుంటుంది. గూడబాతు ఎముకల్లో గాలి ఉంటుంది, అందుకే బెండులా తేలుతుంది, లోతుకి మునగలేదు. పెంగ్విన్ ఎముకలు గట్టి, మునగడానికి ఆ బరువే సాయం.

ఈక_పరిశీలన
ఒక లిటిల్ పెంగ్విన్‌ని ఈకలు రాల్చే దశలో చెయ్యండి, జనం ఆగి చూస్తారు. పాత ఈకలు గోధుమ రంగు కుచ్చుల్లా, మధ్యలో కొత్త నీలం. ఆ రెండున్నర వారాలు నీళ్లలోకి దిగడం కుదరదు, తిండి ఉండదు. ముందే మెక్కి కొవ్వెక్కి ఉంటుంది కాబట్టి దానికి మాత్రం బాటిల్ చుట్టూ గుజ్జు రెండు పొరలు ఎక్కువ వెయ్యండి.