పల్లెలకు డిజిపిన్: పార్సిల్ గడప దాకా వస్తుందా?

మారతహళ్లి మదనపల్లి
2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా కోడ్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) అందులో పాలుపంచుకున్నాయి. దేశాన్ని దాదాపు 4 మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్ ఎక్కడికీ పోదు. అది పోస్టాఫీసు దాకా తీసుకెళ్తే, ఇది ఇంటి దాకా తీసుకెళ్తుంది. బెంగళూరులో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలకు మందులు పంపే మనలాంటివాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? తోటల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు డోర్ నంబరే ఉండదు. దీన్ని వెంటనే తప్పనిసరి చేయాలంటాను.

బొమ్మనహళ్లి అనంతపురం
అన్నా, అంబులెన్స్ వరకు మీ మాటే నా మాట. అర్ధరాత్రి 108కి ఫోన్ చేసి ‘చెరువుకట్ట దాటినాక ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎడమకు తిరగండి’ అని చెప్పుకుంటూ కూర్చోవడం ఎంత నరకమో మా తోట ఇళ్లవాళ్లను అడగండి.

పార్సిల్ సంగతి మాత్రం వేరు. మా ఊరికి సామాను రానిది ఇల్లు దొరక్క కాదు. పిన్‌కోడ్ కొట్టగానే ‘ఈ ప్రాంతానికి డెలివరీ లేదు’ అని వస్తుంది. తీసుకున్న కొరియర్‌వాళ్లయినా మండలం దాకా వచ్చి ఫోన్ చేస్తారు, ‘వచ్చి తీసుకుపోండి’ అని. మా నాయన బీపీ మాత్రల కోసం ఆటో చార్జీ పెట్టుకుని పోవాల. ఆ పిల్లోడికి మా ఇల్లు మ్యాపులో కనిపించినంత మాత్రాన వస్తాడా? అంత దూరానికి పెట్రోలు గిట్టదు, అంతే.

నా అసలు భయం ఇంకోటుంది. ఇప్పుడు డెలివరీ కంపెనీలు సర్వీసు ఉందన్నా లేదన్నా ఎక్కువగా పిన్‌కోడ్ మొత్తానికే చెప్తాయి. గడి గడికీ కోడ్ చేతికొస్తే, తారురోడ్డు పక్క ఇళ్లకు ఇస్తాం, వంక అవతల ఎస్సీ కాలనీకి, తండాకు ఇవ్వం అని ఎంచుకోవడం సులువైపోతుంది. అక్కడికి ఈరోజు పోతున్నది బ్రాంచ్ పోస్టాఫీసు డాక్ సేవక్ ఒక్కరే. ఒకే పేరున్నవాళ్లు ముగ్గురున్నా, తండ్రి పేరు చూసి ఎల్‌ఐసీ కాగితం ఎవరిదో చెప్పేస్తారు. కోడ్ ఉంది కదా అని రేపు ఆ పోస్టు ఎత్తేస్తే?

కోరమంగళ కర్నూలు
ఐర్లండ్‌ను చూడండి. 2015 జూలై దాకా అక్కడ జాతీయ పోస్ట్‌కోడే లేదు. మూడో వంతు ఇళ్లకు పైగా పక్కింటితో ఒకటే చిరునామా. పేరు చూసి పోస్ట్‌మ్యాన్ ఇచ్చేవాడు. తర్వాత ఏడక్షరాల ఎయిర్‌కోడ్ ఇచ్చారు, ప్రతి చిరునామాకూ వేరేది. పక్కపక్క ఇళ్ల కోడ్‌లకు వరస ఉండదని గొడవ జరిగింది. మన డిజిపిన్‌కు ఆ ఇబ్బంది లేదు, చాలామటుకు పక్క గడుల మొదటి అక్షరాలు కలుస్తాయి. కాకపోతే ఇది చోటుకు ఇచ్చిన కోడ్, మనిషికో ఇంటికో కాదు. నేనుండే పీజీ హాస్టల్‌లో కింద గదికీ దాని నెత్తినున్న మూడో అంతస్తు గదికీ ఒకటే వస్తుంది. కాబట్టి పేరు, ఊరు రాయక తప్పదు.

మారతహళ్లి మదనపల్లి
ఉద్యోగాలు తీసేస్తారని నేననుకోను. అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కగట్టే కోడ్ కాబట్టి నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఎవరికీ దరఖాస్తు పెట్టక్కర్లేదు. సిగ్నల్ అందని పల్లెలకు ఇది చిన్న విషయం కాదు. ఎంచి ఎంచి ఇస్తారన్న మాట మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే, నాకు తట్టలేదు.

బొమ్మనహళ్లి అనంతపురం
అయితే తప్పనిసరి చేయాల్సింది మా ముసలోళ్లకు కాదన్నా, డెలివరీ కంపెనీలకు. ఒక పిన్‌కోడ్‌లో సర్వీసు ఉందని ఒప్పుకున్నాక, అందులో ఏ గడినీ కాదనకూడదని రూలు పెట్టాలి. కోడ్‌ను పంచాయతీవాళ్లే ఇంటి గోడ మీద పెయింట్‌తో రాయించాలి, స్మార్ట్‌ఫోన్ లేని మా అమ్మ దాన్ని ఎక్కడ వెతుక్కుంటుంది? ఈ రెండూ జరిగితే నేనూ మీ పక్షమే.