ఓల్గా అనే పేరు రష్యాదా, వైకింగులదా?

బెజవాడ_ఓల్గా: మా నాన్న పార్టీ మనిషి. రష్యా మీద అభిమానంతో నాకు ఈ పేరు పెట్టారు. ఇది స్వీడన్ వైపు నుంచి వచ్చిన 'హెల్గా' అని మొన్నెవరో అన్నారు. నిజమేనా?

శాసనాల_పిచ్చి: నిజమేనండీ. పాత నార్స్‌లో, అంటే స్వీడన్ వైపు వైకింగుల భాషలో, హెల్గా అంటే పవిత్రురాలు. మగవాళ్లకైతే హెల్గి, అదే రష్యన్‌లో ఒలేగ్. 945లో భర్త ఈగొర్ చనిపోయాక కొడుకు తరఫున కీవ్‌ను, అంటే రష్యా, ఉక్రెయిన్‌లకు మూలమైన రాజ్యాన్ని, ఏలింది ఓల్గా రాణి. బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ ఆస్థాన మర్యాదల గ్రంథంలో ఆమె పేరు 'ఎల్గా' అనే ఉంది. ఈగొర్ అసలు పేరూ ఇంగ్వారే. 911లో కీవ్ వాళ్లు బైజాంటైన్లతో చేసుకున్న ఒప్పందానికి వెళ్లిన రాయబారుల పేర్లు చూడండి: కార్ల్, ఫర్లోఫ్, వెర్ముద్... నార్స్ పేర్లే.

గోదారి_గట్టు: ఓల్గా నది పేరండీ బాబూ! పాత రాతల్లో రాణిని 'వోల్గా' అని కూడా రాశారు. పక్కనే నదుండగా స్వీడన్ దాకా ఎందుకు?

శాసనాల_పిచ్చి: నది పేరు తడి అనే అర్థమున్న స్లావిక్ మాట నుంచి. రాణి పేరు వేరు. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం కాబట్టి ఈ తికమక. మాట మొదటి 'ఎ' తూర్పు స్లావుల నోట 'ఒ' అవుతుంది. ఎలెనా ఉక్రెయిన్‌లో ఒలెనా.

గోదారి_గట్టు: మరి 'హ' ఏమైంది?

శాసనాల_పిచ్చి: మనవాళ్లు ఐదరాబాదు అనరా?

గోదారి_గట్టు: జోకులొద్దు. 'హ' సంగతి తేల్చండి.

తమాషా_రాయుడు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

గోదారి_గట్టు: అంటే రష్యా వాళ్లకి సొంత పేర్లు లేవు, రాజ్యం కూడా బయటివాళ్లే పెట్టారు, ఇదేగా మీరనేది? 1749లో జర్మన్ చరిత్రకారుడు ముల్లర్ అన్నదీ ఇదే. రష్యన్ పండితుడు లొమొనోసోవ్ అప్పుడే గట్టిగా ఎదిరించాడు. మావాడికి అచ్చ తెలుగు పేరు పెడితే బళ్లో 'ఇదేం పేరు, మంచి సంస్కృతం పేరు పెట్టండి' అన్నారు. మీకేం తెలుసు ఆ మంట!

శాసనాల_పిచ్చి: ఓహో, గొడవ అక్కడుందా! పేరు బయటిదైతే మనిషి బయటివాడని నేనెప్పుడన్నాను? ఓల్గా కొడుకు పేరు స్వ్యతోస్లావ్, అచ్చ స్లావిక్. ఒక్క తరంలో అక్కడివాళ్లైపోయారు.

బెజవాడ_ఓల్గా: మా అమ్మమ్మ మస్తానమ్మ. దర్గాకి మొక్కుకుంటే పుట్టిందట. మస్తాన్ పారసీ మాట, ఆవిడకి తెలుగు తప్ప ఇంకోటి రాదు. సరే, ఇంతకీ నాన్నకి చెప్పాలా వద్దా? ఆయనకి ఎనభై ఒకటి.

గోదారి_గట్టు: చెప్పకండమ్మా.

శాసనాల_పిచ్చి: చెప్పండి. ఆ రాణి బాప్తిస్మం తీసుకుని హెలెనా అయిందనీ, తర్వాత చర్చి ఆమెను సెయింట్‌ని చేసిందనీ కూడా చెప్పండి.

బెజవాడ_ఓల్గా: స్వీడన్ అంటే ఓర్చుకుంటారేమో గానీ, ఇది మాత్రం చచ్చినా చెప్పను.