‘క్లుప్తంగా’ అంటే కుదించమనా, కోసెయ్యమనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఒడిశాలో మన తెలుగు సంఘం సంచికకు వ్యాసాలు పంపమని నోటీసు ఇచ్చారు. ‘రచనలు క్లుప్తంగా ఉండాలి’ అన్నారే గానీ ఎన్ని పేజీలో రాయలేదు. నేను నాలుగు పేజీలు పంపితే ఒక్క పేజీ అచ్చయింది. ఇదేటమ్మా అంటే ‘క్లుప్తంగా అన్నాం కదా మాస్టారూ’ అని జవాబు. ఆ మాటకు అర్థం అది కాదు. సంస్కృతంలో ‘క్ఌప్తం’ అంటే ఏర్పరచినది, అమర్చినది. ‘కల్పన’ కూడా అదే ధాతువు (మూలపదం) నుంచి వచ్చింది. చిన్నది కావాలంటే ‘సంక్షిప్తంగా’ అని రాయాల్సింది.

బరంపురం బాటసారి
తెలుగువాళ్లందరూ క్లుప్తం అంటే పొట్టిగా అనే అనుకుంటున్నారు. వాడుకలో ఉన్నదే అర్థం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి మీరే వాడుకను కాదంటే ఎలా మాస్టారూ?

ధాతువు (జయపురం)
కత్తిరించిన అనే అర్థం కూడా ఉంది. మనుస్మృతిలో ‘క్ఌప్తకేశనఖశ్మశ్రుః’ అని వస్తుంది. జుట్టు, గోళ్లు, గడ్డం కత్తిరించుకున్నవాడు అని. తెలుగు అర్థం గాల్లోంచి ఊడిపడలేదు. పలకడానికి కష్టమైన ‘ఌ’ పోయి ‘లు’ మిగిలింది, అంతే.

రాయగడ రైలు
మా పిల్లల ఒడియా ప్రశ్నపత్రంలో ‘సంక్షేపరే లేఖ’ అని ఉంటే పక్కనే మార్కులుంటాయి. ఎంత రాయాలో దాన్నిబట్టి తెలుస్తుంది. నోటీసులో లెక్క వేస్తే ఈ గొడవే లేదు.

మహేంద్రతనయ
ధాతువు గారూ, మీ ఉదాహరణే నాకు సాక్ష్యం. కత్తిరించమన్నది గోళ్లు, వేళ్లు కాదు. గిడుగు వారు తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో ఉంచుకుని సవర భాష ఎలా నేర్చుకున్నారో, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు ఎలా పెట్టారో ఒక పేజీ రాశాను. అచ్చులో ఏముందో తెలుసా? ‘గిడుగు సవర భాషకు ఎనలేని సేవ చేశారు.’ ఈ వాక్యం ఎవరి గురించైనా రాయొచ్చు. ఇందులో గిడుగు ఎక్కడున్నారు? నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేనివాళ్ల చేతికి కత్తెర ఇస్తే ఇలాగే ఉంటుంది.

ధాతువు
సంస్కృత శాస్త్రాల్లో సూత్రానికి చెప్పిన లక్షణాల్లో ‘అల్పాక్షరం’ తర్వాత వెంటనే ‘అసందిగ్ధం’, ‘సారవత్’ అని ఉన్నాయి. అక్షరాలు తగ్గితే చాలదు, సారం మిగలాలి. ఈ విషయంలో మాస్టారి వైపే ఉన్నాను. కానీ క్లుప్తం తప్పు మాట అంటే మాత్రం ఒప్పుకోను.

గుణుపురం కోడలు
ఆ కత్తెర నా చేతిలోనే ఉంది. పగలు ఆఫీసు, రాత్రి ఈ సంచిక పని. ఎవరూ ముందుకు రాకపోతే తీసుకున్నాను. నాలుగు వాక్యాలు రాయలేనిదాన్నా? సరే మాస్టారూ, వినండి. మా పెద్దోడు ఒడియా బడిలో ఏడో తరగతి. తెలుగు ఇంట్లో నేనే నేర్పుతున్నాను. వేలు పెట్టి చదువుతాడు, ఒత్తు వస్తే ఆగిపోతాడు. మీ మొదటి వాక్యం సగం పేజీ ఉంది. చివరికొచ్చేసరికి ‘ఎవరు వెళ్లారమ్మా?’ అని నన్నే అడిగాడు. పుస్తకం మూసేశాడు. మన సంచిక మీలాంటి పదిమంది కోసమా, వాడి కోసమా? నేను వాడి కోసం కోశాను.

బరంపురం బాటసారి
అమ్మా, ఈ మాట నోటీసులో రాసుంటే సగం మంది గొడవపడేవారు కాదు.

మహేంద్రతనయ
నా బాధ కూడా వినమ్మా. 1936 ఏప్రిల్ 1న మా పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. గిడుగు వారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మేం ఉండిపోయాం. నేను చదివిన బడిలో తెలుగు పీరియడ్లు ముందు తగ్గించారు, తర్వాత టీచరు రిటైరైతే ఆ పోస్టు నింపలేదు, ఆఖరికి సెక్షనే ఎత్తేశారు. ప్రతిసారీ ‘కొంచెమే కదా’ అన్నారు. ఇప్పుడు మనవాళ్లే మన సంచికలో తగ్గించమంటే తట్టుకోలేను. మీ అబ్బాయి ఇవాళ పొట్టి వాక్యం చదువుతాడు, సరే. పెద్ద విషయం తెలుగులో దొరకదనుకుని రేపు ఒడియాలోనే వెతుక్కోడా?

గుణుపురం కోడలు
వాడు చదవడమే మానేస్తే పెద్ద విషయం ఎవరికి? సవర భాష నేర్చుకున్న పేజీ తీసేయకూడదన్నది ఒప్పుకుంటాను, అది వచ్చే సంచికలో వేస్తాను. వాక్యాలు మాత్రం విరుస్తాను, విరిచి మీకు చూపిస్తాను. జమీందారీ కాలపు బడుల పేరా వెయ్యను.

మహేంద్రతనయ
అదెందుకు వెయ్యరు? తెలుగు బడులు నడిపినవాళ్ల పేర్లవి.

గుణుపురం కోడలు
పేర్లే ఉన్నాయి మాస్టారూ. ఎవరు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. మా వాడికి అది ఓటర్ల లిస్టులాగే ఉంటుంది.

రాయగడ రైలు
ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు రాస్తే సరిపోతుంది కదా.

మహేంద్రతనయ
రాస్తాను. ఇద్దరి మనవలు ఇక్కడే ఉన్నారు, అడిగి రాస్తాను. దాంతో ఇంకో పేజీ పెరుగుతుంది, ముందే చెబుతున్నాను.