ఇల్లు లేనివాళ్ల చేతికి డబ్బు ఇవ్వడం తప్పా?

రాత్రిబండి:
నిన్న ఆఫీసు నుంచి వస్తూ ఫుట్‌పాత్ మీద పడుకున్న ఒక పెద్దాయనకు డబ్బిచ్చాను. పక్కనే ఉన్న ఫ్రెండు "ఎందుకిచ్చావ్, తాగడానికేగా" అన్నాడు. అప్పుడే లేచిన ఆ పెద్దాయన ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉన్నాడు, నోరు తెరిచి ఒక్క మాటైనా అనలేదు. మీరైతే ఇస్తారా, ఇవ్వరా?

నిలకడ:
ఇవ్వను. ఒళ్లు వంచి పనిచేసేవాడు రోడ్డున పడడు. వాళ్లలో చాలామంది మందుకు అలవాటుపడినవాళ్లే, చేతికి డబ్బిస్తే ఇంకా ముంచినట్టే. అంతగా ఇవ్వాలనిపిస్తే షెల్టర్ నడిపేవాళ్లకి ఇవ్వండి.

తూరుపుగాలి:
నిలకడ గారూ, ఈ అనుమానాన్నే కెనడాలో పరీక్షించి చూశారు. 2018లో వాంకూవర్ ప్రాంతంలో మొదలుపెట్టి, ఇల్లు లేని 50 మందికి ఏ షరతూ లేకుండా తలా 7,500 కెనడా డాలర్లు ఒకేసారి ఇచ్చారు. డబ్బివ్వని 65 మందితో పోల్చి ఏడాదిపాటు గమనించారు. డబ్బు అందినవాళ్లు ఇల్లు లేకుండా గడిపిన రోజులు సగటున 99 తగ్గాయి. మందు, సిగరెట్లకు పెట్టే ఖర్చు పెరగలేదు. బయటి జనాన్ని విడిగా అడిగితే మాత్రం పెరుగుతుందనే అంచనా వేశారు! వ్యసనం ముదిరినవాళ్లను ఇందులోకి తీసుకోలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఇక ఒళ్లు వంచడం. ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక రూమ్ ఖాళీ చేశాక నేను పదకొండు రాత్రులు బస్టాండులో పడుకున్నాను. చెప్పులు తలకింద పెట్టుకుని, బ్యాగు పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటే తప్ప కన్ను మూతపడేది కాదు. పగలంతా పని కోసం తిరిగేవాణ్ణి. ఒక చోట అప్లికేషన్ ఫారం ఇచ్చి నింపమన్నారు. 'ప్రస్తుత చిరునామా' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆకలినైనా ఓర్చుకున్నాను గానీ, నా పక్కన కూర్చోబోయి, నన్ను చూసి లేచిపోయినవాళ్లను ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. రోజూ స్నానం చేసి, చొక్కా ఉతుక్కున్నా వాళ్లకి తెలిసిపోయేది.

నిలకడ:
మీ సంగతి చదివి బాధేసింది. ఒళ్లు వంచడం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ వ్యసనం ఉన్నవాళ్ల సంగతేంటి? ముందు వాళ్లు మానాలి కదా?

తూరుపుగాలి:
రోడ్డు మీద పడుకుంటూ ఎలా మానతారండీ? రాత్రి నిద్రుండదు, మందుబిళ్లలు దాచుకోవడానికి చోటుండదు, ఆస్పత్రివాళ్లు మళ్లీ రమ్మంటే ఆ తేదీ గుర్తు చేసేవాళ్లుండరు. ఫిన్లాండ్ 2008 నుంచి, మానితేనే ఇల్లు అన్న షరతు పక్కనపెట్టి ముందు ఇల్లిస్తోంది. చికిత్స, సాయం దానికి తోడుగా అందుతాయి. ఏళ్ల తరబడి ఇల్లు లేనివాళ్ల సంఖ్య అక్కడ బాగా తగ్గింది. మీరన్నట్టు షెల్టర్లకీ ఇద్దాం, అది కాదనను. అది మాత్రమే చాలదంటున్నా.

రాత్రిబండి:
ఇద్దరికీ థ్యాంక్స్. డబ్బు సంగతి నాకు తేలిపోయింది, ఇస్తాను. ఫ్రెండు అన్నమాట ఆ పెద్దాయనకి వినబడింది. తల దించుకుని దుప్పటి సర్దుకున్నాడు. నేను అక్కడే ఉండి కూడా ఫ్రెండుని ఏమీ అనలేదు.