కొలంబోలో ఆగాలా, నేరుగా కాండీ వెళ్లిపోవాలా?

తీరంబాట: జనవరిలో శుక్రవారం అర్ధరాత్రి శ్రీలంకలో దిగి, సోమవారం మధ్యాహ్నం తిరుగు విమానం ఎక్కాలి. అమ్మానాన్న కూడా వస్తున్నారు. కొలంబోలో చూడ్డానికేం లేదు, కాండీ వెళ్లిపోమంటున్నారు చాలామంది. నిజమేనా?

మూటాముల్లె: నూటికి నూరుపాళ్లు నిజం. కొలంబో అంటే ట్రాఫిక్కు, మాల్సు, ఎత్తైన హోటళ్లు. అవి చూడ్డానికి సముద్రం దాటాలా? కాండీలో బుద్ధుడి దంతం ఉన్న ఆలయం, పక్కనే సరస్సు, చుట్టూ కొండలు. పెద్దవాళ్లకు అదే నచ్చుతుంది.

కిటికీసీటు: పెద్దవాళ్లున్నారనే నేను వద్దంటాను. కొలంబో నుంచి కాండీకి రోడ్డు మీద మూడు గంటల పైమాటే. రానూపోనూ కలిపితే చేతిలో ఉన్న రెండు రోజుల్లో ఒక పూట గోవిందా. పైగా దంతం కంటికి కనిపించదు. పూజ వేళ గది తలుపు తీస్తే జనంలో నిలబడి, దూరం నుంచి బంగారు పేటికను చూసి కదలాలి.

ఇంకో మాట. కాండీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి సింహాసనం కాండీలో లేదు, కొలంబో నేషనల్ మ్యూజియంలో ఉంది. ఆయనది తెలుగు మూలాలున్న మదురై నాయకుల వంశం. 1815లో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ను దించేశారు. ఇంగ్లండ్ పట్టుకుపోయిన సింహాసనాన్ని 1934లో తిరిగిచ్చారు. చేతులు ఆనించే చోట రెండు సింహాలుంటాయి, దగ్గరికెళ్లి చూడండి. అదే మ్యూజియంలో చైనీస్, తమిళం, పర్షియన్ మూడూ చెక్కిన, దక్షిణ తీరంలోని గాలె ఊరి శిలాశాసనం కూడా ఉంది. ఏమీ లేదట!

మూటాముల్లె: ఒక కుర్చీ కోసం కాండీ వదులుకోమంటారా? సరే, మ్యూజియం ఒక పూట. మిగతా రోజున్నర ఏం చేస్తారు?

కిటికీసీటు: సాయంత్రం గంగారామయ బౌద్ధాలయం, దానికి దగ్గర్లోనే బెయిరా సరస్సులో నీళ్ల మీద కట్టిన సీమ మాలక ధ్యానమందిరం. శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా డిజైన్ అది, హడావిడి లేని చోటు. రెండో రోజు కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో గాలె రైలెక్కి కుడివైపు కూర్చోండి. వెల్లవత్త, మౌంట్ లావీనియా మీదుగా పట్టాల పక్కనే సముద్రం. గాలెలో డచ్ కోట గోడ మీద నడిచి రాత్రికి వచ్చేయొచ్చు.

నిదానమేగతి: ఇద్దరూ ఒకటి మరిచారు. విమానాశ్రయం నగరంలో లేదు, కటునాయకలో ఉంది, ముప్పై కిలోమీటర్లకు పైనే. అర్ధరాత్రి దిగేవాళ్లు దగ్గర్లోని నెగొంబోలో పడుకుని పొద్దున్నే కదలడం మేలు. జనవరిలో అక్కడ వానల గొడవ తక్కువే, మే నుంచి సెప్టెంబర్ దాకా వచ్చే నైరుతి వానలతోనే ఇబ్బంది. పున్నమి వస్తుందేమో క్యాలెండర్ చూసుకోండి. ఆ రోజు పోయా సెలవు, గుళ్లు కిటకిటలాడతాయి, మందు అమ్మరు. గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగితే ఊరుకోరు.

అన్నట్టు, చట్టసభ ఉన్న రాజధాని పక్కనున్న శ్రీ జయవర్ధనపుర కోట్టే. కొలంబో రాజధాని అని అనడం మన అలవాటు!

తీరంబాట: నాన్న సింహాసనం అన్నారు, అమ్మ పేటికైనా చాలు అంటోంది. గాలె రైల్లో పెద్దవాళ్లకు సీటు ముందే దొరుకుతుందా?

కిటికీసీటు: రిజర్వేషన్ ఉన్న బండి చూసుకోండి. లేనివాటిలో ఆఫీసు వేళల్లో నిలబడ్డానికీ చోటుండదు. ఆదివారం ఉదయం అయితే నయం.

మూటాముల్లె: నా ఓటు ఇప్పటికీ అమ్మగారికే.