ఖలునకు... ఆ ‘ని’ ఎవరిది?

బ్రాడీపేట: రెండ్రోజులుగా ఒక ముక్క బుర్రలో పీకుతోంది. ‘ఖలునకు ...ఎల్ల విషము గదరా సుమతీ’. మధ్యలో నిలువా, ఒడలా? సిరియా రసాయనాయుధాల మీద, అమెరికా ఆంక్షల మీద వ్యాసం రాస్తూ ఎత్తుగడకి వాడదామంటే ఇక్కడే ఆగిపోయా. గణాలకి రెండూ అతుకుతున్నాయి, అదీ చిక్కు.

సత్యనారాయణపురం: నిలువెల్ల. నేను చూసిన ప్రతుల్లో ఒడలు లేదు.

తెనాలి మాస్టారు: పాఠం సరే. ఆ ‘ని’ ఎవరిదో ఆలోచించారా? ఖలునకున్ + ఇలు. నకారం ద్రుతానిది, అంటే ‘ఖలునకున్’ చివరి పొల్లు నకారానిది! పాముకి తల, తేలుకి తోక, ఖలుడికి ఇల్లంతా. 2023 మార్చి 28న కాప్టగాన్ అనే మత్తుమాత్రల వ్యాపారం మీద అమెరికా, బ్రిటన్ ఆంక్షలు పెడితే అందులో ఎవరున్నారు? అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ దాయాదులిద్దరు. బద్దెన ఏనాడో చెప్పాడు.

సత్యనారాయణపురం: ఇలు + ఎల్ల ‘ఇలెల్ల’ అవుతుంది మాస్టారూ. వకారం ఎక్కణ్ణుంచి దిగింది?

తెనాలి మాస్టారు: ఇలువేల్పులో లేదూ?

సత్యనారాయణపురం: అది వేల్పుదండీ!

గవర్నరుపేట లాయరు: సంధి మీరు తేల్చుకోండి. నా పేచీ అర్థంతో. సిరియాలోని ఖాన్ షేఖూన్ ఊళ్ళో సారిన్ విషవాయువు పడ్డ ఇరవై రోజులకి, 2017 ఏప్రిల్ 24న, అమెరికా ఒక్క దెబ్బకి 271 మందిని జాబితాకెక్కించింది. అందరూ సిరియా శాస్త్ర పరిశోధన కేంద్రం ఉద్యోగులే. అమెరికాలో ఆస్తులుంటే స్తంభన, అమెరికన్లతో లావాదేవీలు బంద్. ల్యాబులో జీతగాడు ఖలుడికి తోకా, ఒళ్ళా? ఇక ఆంక్షలు బ్యాంకుల మీద పడితే దెబ్బ మందుల కొట్టుదాకా పోతుంది. మందులకి మినహాయింపు కాగితం మీద ఉంటుంది, డబ్బు పంపాల్సిన బ్యాంకు జడిసి పంపదు. నిలువెల్ల విషమని నిలువెల్లా కొడితే ఇదే వరస.

బ్రాడీపేట: సిరియా ఆంక్షల కార్యక్రమాన్ని ఎత్తేస్తూ 2025 జూన్ 30న ఉత్తర్వు ఇచ్చినప్పుడు అసద్ మీదవీ, కాప్టగాన్ వ్యాపారుల మీదవీ ఉంచేశారు లాయరుగారూ. దేశం వేరు, ఖలుడు వేరని అప్పటికి తట్టింది.

గవర్నరుపేట లాయరు: 2024 డిసెంబరులో అసద్ పారిపోయాక!

అరండల్‌పేట: పామూ తేలూ అంటే మీకు బద్దెనేనా? మన గుంటూరు సీమలో శ్రీనాథుడుండగా! ‘సజ్జజొన్నకూళ్లు సర్పంబులును దేళ్లు, పల్లెనాటి సీమ పల్లెటూళ్లు’. కొండవీట్లో వైభోగం చూసినవాడు పల్నాడొచ్చి జొన్నకూడు ముందు మొహం మాడ్చుకున్నాడు. ఆహా, తిట్టినా ఎంత కమ్మగా తిట్టాడు!

నరసరావుపేట: తిన్నది మా కూడు, పైగా మీ చప్పట్లు.

తెనాలి మాస్టారు: దేళ్లు కాదు, తేళ్లు. మా గురువుగారు అలాగే చదివేవారు.

సత్యనారాయణపురం: ద్రుతం మీద తకారం దకారమవుతుంది మాస్టారూ. ఇందాక ద్రుతం పట్టుకొచ్చింది మీరేగా?

తెనాలి మాస్టారు: చాటువుకి సూత్రాలా! యతి చూసి చెప్పండి, ఒప్పుకుంటా.

సత్యనారాయణపురం: యతి సజ్జకీ సర్పానికీ. తేలు ఆ లెక్కలోకే రాదు.