ప్రజాతి మారినప్పుడల్లా విశేషణపు చివర మారాలా?

శబ్దార్థి:
ఎర్రకాళ్ల కొంగకు 1769లో ప్రకృతి శాస్త్రవేత్త పెనెంట్ పెట్టిన శాస్త్రీయ నామం టాంటలస్ ల్యూకోసెఫాలస్. ఇటువంటి పేరులో మొదటి పదం ప్రజాతిని, అంటే దగ్గరి సంబంధం గల జాతుల సమూహాన్ని, తెలుపుతుంది; రెండవ పదం ఆ జాతిని గుర్తిస్తుంది. తరువాత ఆ పక్షిని మిక్టీరియా ప్రజాతిలో చేర్చారు. ఆ ప్రజాతి నామం స్త్రీలింగం కాబట్టి రెండవ పదం ల్యూకోసెఫాలా అయింది. 'తెల్లని తల గల' అనే అర్థమిచ్చే ఈ విశేషణం గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో ఇటువంటి సమాస విశేషణాలకు పుంలింగంలోనూ స్త్రీలింగంలోనూ చివర 'ఓస్' అనే ఒకే రూపం ఉంటుంది. నపుంసకలింగానికే 'ఓన్' వస్తుంది. మూలభాష ఎరుగని స్త్రీలింగ రూపం కోసం పేరు మార్చడం ఎందుకు? మొదటి రూపాన్నే స్థిరంగా ఉంచాలని నా వాదన. సీతాకోకచిలుకల నిపుణులు చాలామంది ఆ పనే చేస్తున్నారు.

వృక్షమిత్ర:
మూలభాషలో లేదన్న కారణం నాకు బలంగా తోచడం లేదు. లాటిన్ ఈ పదాన్ని తీసుకొని 'ఉస్', 'అ', 'ఉమ్' అనే తన మూడు ప్రత్యయాలను చేర్చిన తరువాత అది లాటిన్ విశేషణమే. హాలియీటస్ పుంలింగం కావడం వల్ల అమెరికా రాజముద్రపై కనిపించే బాల్డ్ ఈగిల్ ల్యూకోసెఫాలస్‌గా ఉంది. ల్యుసీనా స్త్రీలింగం కావడం వల్ల, కాగితం మిల్లుల కోసం మన కృష్ణా, ప్రకాశం జిల్లాల రైతులు పెంచే సుబాబుల్ ల్యూకోసెఫాలా అయింది. బంతిలా గుండ్రంగా ఉండే దాని తెల్లని పూగుత్తిని చూసినవారికి ఆ పేరెందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. జంతు నామకరణ నియమావళి 31.2 అధికరణం కూడా లాటిన్ విశేషణం ప్రజాతి లింగాన్ని అనుసరించాలనే అంటోంది.

శబ్దార్థి:
నియమం ఉన్నదని నేనూ అంగీకరిస్తాను. అయితే దాన్ని పాటించాలంటే రెండవ పదం విశేషణమో నామవాచకమో ముందు తేల్చుకోవాలి. పాంథెరా స్త్రీలింగమైనా సింహం పేరులోని 'లియో' నామవాచకం కనుక పుంలింగంలోనే నిలిచింది. లాటిన్ చదవని పరిశోధకులు ప్రతిసారీ ఈ విచారణ ఎలా చేయగలరు? పైగా కంప్యూటరులో ఒక రూపంతో వెదికితే రెండవ రూపంలో ఉన్న పాత వ్యాసాలు తప్పిపోతాయి.

పత్రహరితం:
వెదుకులాట ఇబ్బంది నిజమే కానీ, చివరి అక్షరాలు వదిలి ప్రాతిపదికతో వెదికితే అది చాలావరకు తీరుతుంది. దానికోసం వ్యాకరణాన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు. సందేహానికి కూడా నియమావళిలోనే దారి ఉంది: పదం రెండు విధాలుగానూ ఉండగలిగి, పేరు పెట్టినవారు ఏదీ సూచించకపోతే, దాన్ని నామవాచకంగా భావించి మొదటి రూపాన్నే ఉంచాలి. లాటినీకరించకుండా గ్రీకు రూపంలోనే ఉంచిన పదానికి ప్రజాతి లింగాన్ని అనుసరించే లింగాన్వయం అక్కరలేదు. వృక్షశాస్త్రంలోనూ శాస్త్రవేత్త స్కోపోలి ఒక చెట్టుకు పెట్టిన టిలియా ప్లాటిఫిల్లోస్ అనే పేరు, టిలియా స్త్రీలింగమైనా, నేటికీ 'ఓస్'తోనే చెల్లుతోంది. శబ్దార్థి గారు కోరే స్థిరత్వం కొత్త పేరు పెట్టేవారి చేతిలోనే ఉంది: అది నామవాచకమని మొదటి వర్ణనలోనే రాస్తే సరిపోతుంది.